అలల రేకులు, సన్నని పొడి, మన పాలు

(పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, మహిళా ప్రతినిధుల సమావేశంలో సమాఖ్య సాంకేతిక విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము చెప్పవలసిన విషయం పేరు పుస్తకాలలో చాలా పెద్దది. గోడలు అలలు అలలుగా ఉన్న కాలువలో, కంటికి కనబడనంత సన్నని పొడి కలిపిన ద్రవం పారుతుంటే వేడి ఎంత త్వరగా ఒకవైపు నుండి రెండవ వైపుకు పోతుంది అన్నది ఆ విషయం. ఇంజనీరింగు కాలేజీలలో చెప్పుకోవలసిన మాట పాల సంఘాల సమావేశానికి ఎందుకు వచ్చిందని మీరు అడుగవచ్చును. వచ్చిన కారణం మీరు వ్రాసిన ఉత్తరాలే. ఒక విక్రేత మన చిల్లింగ్ సెంటర్లకు, వాటి క్రిందనున్న సంఘాలకు తిరుగుతున్నాడు. చల్లనీళ్ళ ట్యాంకులో తన “నానో ద్రవం” ఒక డబ్బా పోస్తే చాలునట, పాలు సగం సమయంలో చల్లబడునట, కరెంటు బిల్లు తగ్గునట. హైదరాబాదు హైటెక్ సిటీలో కంప్యూటర్లను చల్లార్చే మందు ఇదేనని కూడా చెబుతున్నాడు. బోనసు కోసం కూడబెట్టిన నిధిలో నుండి దీనికి ఖర్చు పెట్టవచ్చునా అని అడిగిన సంఘాలు ఒకటి కాదు, రెండు కాదు.

బోనసు నిధి అంటే దాణా ధర పెరిగిన సంవత్సరంలో ఆడవాళ్ళ చేతికి వచ్చే నాలుగు డబ్బులు. ఆ డబ్బు మాట వచ్చింది గనుక ఇక్కడ కూర్చొని అవునని, కాదని చెప్పదలచుకోలేదు. కొందరు సభ్యులను వెంటబెట్టుకొని హైటెక్ సిటీకే పోయి చూచి వచ్చాము.

1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజపేయి గారు సైబర్ టవర్సును ప్రారంభించినప్పటి నుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ఊళ్ళ రూపు మారిపోయింది. ఇప్పుడు అక్కడి అద్దాల మేడలకు తెల్లవారేసరికి టీకి, కాఫీకి, పెరుగుకు పోయేది మన పాలే. 2022 నవంబరులో అమెజాన్ వారి క్లౌడ్ సేవలకు హైదరాబాదు ఒక ప్రాంతీయ కేంద్రంగా కూడా మొదలైంది. రంగారెడ్డి జిల్లాలో పెద్ద పెద్ద షెడ్లలో రాత్రింబవళ్ళు నడిచే కంప్యూటర్లు ఉన్నవి. అవి నడిచినంతసేపూ వేడెక్కుతూనే ఉంటవి. ఆ వేడి తీయకపోతే అవి ఆగిపోతవి.

మేము చూచినది ఆ కారిడారులో ఒక భవనం క్రింది అంతస్తులోని చల్లార్చే యంత్రాల గది. లోపల నాలుగడుగుల ఎత్తున, పుస్తకం పేజీల వలె ఒకదానికొకటి అంటించి బిగించిన ఉక్కు రేకుల కట్ట ఒకటి ఉన్నది. మనతో వచ్చిన ఒక పెద్దక్క చేత్తో తట్టి చూచి, “సారూ, ఇవి మన కాడున్న రేకులే గదా?” అన్నది. అక్కడి ఇంజనీరు నవ్వి, “అవునమ్మా, పాల కోసం పుట్టినదే ఇది. మేము తరువాత తెచ్చుకున్నాము” అన్నాడు.

ఆయన చెప్పినది నిజమే. 1923లో ఇంగ్లండులో రిచర్డ్ సెలిగ్మన్ అనే ఆయన, ఎ.పి.వి. అనే కంపెనీలో, పాలను వేడిచేసి చల్లార్చేందుకు ఈ రేకుల యంత్రాన్ని వ్యాపారానికి పనికివచ్చే విధంగా తయారుచేశాడు. అంతకుముందు గొట్టాలలో పాలు పంపేవారు. గొట్టం లోపల చేయి పోదు, బ్రష్షు సరిగా తిరగదు. రేకులైతే బోల్టు విప్పి విడదీసి, ప్రతి రేకూ కడిగి మళ్ళీ బిగించవచ్చును. శుభ్రం కోసం పుట్టిన యంత్రం అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

మన చిల్లింగ్ సెంటర్లో ఒక రేకును విప్పి చూచినవారికి దాని మీద చేపముల్లు వంటి గీతలు కనిపించి ఉంటవి. పశువుల కొట్టం మీద వేసే ముడతల రేకు ఉన్నదే, దానినే చిన్నది చేసి ఏటవాలుగా ముడిచినట్లుంటుంది. రేకు మందం అర మిల్లీమీటరు. రెండు రేకుల మధ్య సందు మూడు, నాలుగు మిల్లీమీటర్లు. ఒక సందులో పాలు, ప్రక్క సందులో చల్లనీళ్ళు. పాలు ఇటు నుండి అటు పోతే నీళ్ళు అటు నుండి ఇటు వస్తవి. ఒక రేకు ముల్లు పైకి ఉంటే ప్రక్కది క్రిందికి ఉంటుంది గనుక రెండింటి కట్టలు ఎక్కడికక్కడ ఒకదానినొకటి తాకి, అంత పలుచని ఉక్కు కూడా ఒత్తిడికి వంగకుండా నిలుస్తుంది.

ఈ అలలు ఎందుకు? బలం కోసమే అయితే మరో విధంగా చేసి ఉండేవారు. కాలువ గట్టున కూర్చొని ఆకులు వేసి చూడండి. నడుమ పడిన ఆకు పరుగెత్తుతుంది. గట్టు నానుకొని పడినది కదలనా మానునా అన్నట్లుంటుంది. రేకుల మధ్య పాలు కూడా అంతే. గోడకు తాకిన పాలు ఇంచుమించు నిలిచి ఉంటవి. చల్లదనం ఆ నిలిచిన పొరను దాటి నడుమనున్న పాలకు చేరాలి. ఉక్కు అడ్డం కాదు, ఆ నిద్రపోయే పొరే అసలు అడ్డం. ఇంట్లో కాచిన పాలగిన్నె నీళ్ళ తొట్టిలో పెట్టి ఊరక వదిలితే ఎంతసేపటికీ చల్లారవు. గరిటె పెట్టి తిప్పితే చల్లారుతవి. అలల రేకు ఎవరూ తిప్పనక్కరలేని గరిటె. పాలు ప్రతి అలకూ గుద్దుకొని, లేచి, తిరిగి, గోడ దగ్గరివి నడుమకు, నడుమవి గోడ దగ్గరకు పోతవి.

గరిటె గట్టిగా తిప్పితే చేయి నొప్పి పుడుతుంది. అలను ఎత్తు చేస్తే, లేక ముల్లు కోణాన్ని ప్రవాహానికి అడ్డంగా పెట్టితే, వేడి బాగా మారుతుంది గాని పంపు మీద బరువు పడుతుంది. పంపు తినే కరెంటూ మనదే. అల మరీ ఎత్తైతే ఇంకొక చిక్కు ఉన్నది. అల వెనుక గుంటలో ద్రవం ముందుకు పోక అక్కడే సుడి తిరుగుతుంది. కంప్యూటరు నీళ్ళకు అది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చును. పాలకు మాత్రం ఆ గుంటే జిడ్డు చేరే చోటు, కడుగు మందు అందని చోటు. కనుక పాల యంత్రానికి తగిన అల, కంప్యూటరుకు తగిన అల ఒకటే కానక్కరలేదు. ఇప్పుడు పరిశోధకులు అల ఎత్తు, అలకూ అలకూ దూరం, ఎదురెదురు గోడల అలలు జతగా నడవాలా, ఎదురుబొదురుగా ఉండాలా అని కంప్యూటరు మీద వందల లెక్కలు కట్టి మంచి జోడు వెదకుతున్నారు. మంచి పనే. కాని కంప్యూటరులో గీసిన గోడకు వెన్న జిడ్డు అంటదు అనే సంగతి మనబోటివాళ్ళు మరువరాదు.

ఇక పొడి సంగతి.

నీటికి వేడిని మోసే శక్తి మెండు గాని, ఒకచోటి నుండి ఇంకొకచోటికి వేడిని అందించే గుణం లోహాలతో పోలిస్తే చాలా తక్కువ. రాగి ముందు నీరు ఆరువందల వంతులకు పైగా వెనుకబడి ఉంటుంది. అయితే నీళ్ళలో రాగి పొడో, అల్యూమినియం ఆక్సైడు పొడో కలిపితే? ఈ ఆలోచన పాతదే. 1873లోనే మాక్స్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడు, పొడి కలిపిన ద్రవానికి ఆ గుణం ఎంత పెరుగునో సూత్రం వ్రాసిపెట్టాడు. చిక్కేమిటంటే మామూలు పొడి అడుగున పేరుకుంటుంది, గొట్టాలను గీరుతుంది. 1995లో అమెరికాలో షికాగో దగ్గరి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో చోయి అనే ఆయన, పొడిని తలవెంట్రుక మందంలో సుమారు వెయ్యోవంతుకు సన్నగా చేస్తే అది నీళ్ళలో తేలి ఉంటుందని, దానికి నానోద్రవం అని పేరు పెట్టాడు. 2001లో అక్కడివారే ఇథిలీన్ గ్లైకాల్‌లో నూటికి మూడు పదోవంతులు రాగి పొడి కలిపితే వేడిని అందించే గుణం 40 శాతం పెరిగిందని ప్రకటించారు. మాక్స్‌వెల్ సూత్రం ప్రకారం అయితే ఒక్క శాతం కూడా పెరగరాదు. దాంతో లోకమంతా ఈ పొడి వెంట పడ్డది.

మన దగ్గర కూడా పని జరిగింది. హైటెక్ సిటీ నుండి కూకట్‌పల్లి వైపు నాలుగడుగులు వేస్తే వచ్చే జె.ఎన్.టి.యు.లో ఆచార్య కె.వి. శర్మ, ఎల్. శ్యామ్ సుందర్ గార్లు, విశాఖపట్నం గీతం విద్యాసంస్థకు చెందిన ఆచార్య పి.కె. శర్మ గారితో కలిసి, అల్యూమినియం ఆక్సైడు పొడి కలిపిన నీటిని గొట్టంలో పంపి కొలిచారు. 2009లో అచ్చైన ఆ పరిశోధనలో పొడి పాలు నూటికి పదోవంతు మించలేదు. అంత తక్కువ పొడికే, మామూలు నీటితో పోలిస్తే, గొట్టంలో వేడి మారడం ఇరవై శాతం పైచిలుకు పెరిగిన సందర్భం కనబడింది. గొట్టంలో మెలితిప్పిన రేకుపట్టీ పెట్టినప్పుడు ఇంకా పెరిగింది. ఆ మెలిపట్టీ చేసే పని మన చేపముల్లు అల చేసే పనే, ద్రవాన్ని తిప్పడం. ఓపికతో చేసిన పని అది. దానిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

అదే 2009లో మరొక సంగతి జరిగింది. వేర్వేరు దేశాలలోని ముప్పైకి పైగా ప్రయోగశాలలు ఒకే సీసాల నుండి పంచుకున్న ఒకే రకం నానోద్రవాలను ఎవరికి వారు కొలిచి ఫలితాలు కలిపి చూచుకొన్నాయి. ఆ ద్రవాలలో విడ్డూరం ఏమీ కనబడలేదు. నూటముప్పై ఏళ్ళ నాటి సూత్రం చెప్పిన దానికి దగ్గరగానే కొలతలన్నీ వచ్చినవి. ఆ సూత్రం లెక్కన నూటికి ఒక వంతు పొడి కలిపితే వేడినందించే గుణం పెరిగేది సుమారు మూడు వంతులు. ఇది మన ట్యాంకుకు లెక్క కట్టుదాము. వెయ్యి లీటర్ల చల్లనీళ్ళ ట్యాంకులో నూటికి ఒక వంతు అంటే పది లీటర్ల పొడి. అల్యూమినియం ఆక్సైడు నీటికంటే దాదాపు నాలుగురెట్ల బరువు గనుక ముప్పై తొమ్మిది కిలోలు. విక్రేత తెచ్చిన డబ్బాలో ముప్పై తొమ్మిది కిలోల పొడి ఉన్నదా అని మీరే అడగండి.

మరి జె.ఎన్.టి.యు. వారికి ఇరవై శాతం పైచిలుకు ఎట్లా వచ్చింది? పారే ద్రవంలో జరిగేది, నిలిచిన ద్రవంలో జరిగేది ఒకటి కాదు, అది ఒక కారణం. రెండవది పోలిక పద్ధతి. దీనిని కొంచెం ఓపికగా వినండి, విక్రేతల కరపత్రాలు చదవడానికి పనికివస్తుంది. 1883లో మాంచెస్టరులో ఆస్బర్న్ రెనాల్డ్స్ అనే ఆచార్యుడు గాజు గొట్టంలో పారే నీటిలోకి రంగు వదలి, నీరు ఎప్పుడు దారం వలె నెమ్మదిగా పారునో, ఎప్పుడు కలగాపులగమగునో కనిపెట్టాడు. దానికి ఒక సంఖ్య ఉన్నది. వేగం పెరిగితే ఆ సంఖ్య పెరుగుతుంది, ద్రవం చిక్కబడితే తగ్గుతుంది. ఈ విద్యలో చాలా పోలికలు ఆ సంఖ్యను సమానంగా పెట్టి చేస్తారు. శాస్త్రానికి అది న్యాయమైన పద్ధతే. కాని పొడి కలిపిన నీరు చిక్కబడుతుంది. చిక్కబడిన ద్రవానికి అదే సంఖ్య రావాలంటే దానిని ఎక్కువ వేగంగా తోయాలి. అప్పుడు వచ్చిన లాభంలో కొంత పొడిది, కొంత పంపుది. పలుచని మజ్జిగ, చిక్కని మజ్జిగ ఒకే పంపుతో తోలి చూస్తే సంగతి తెలుస్తుంది. మన సంఘానికి కావలసిన పోలిక ఒక్కటే: అదే పంపు, అదే కరెంటు, అవే పాలు.

ఇప్పుడు హైటెక్ సిటీ మాట. అక్కడి ఇంజనీరును మేము సూటిగా అడిగాము, ఈ పొడి మీరు వాడుతున్నారా అని. లేదన్నాడు. భవనం నీళ్ళు శుద్ధిచేసిన నీళ్ళే. కొన్ని చిప్పుల మీద నేరుగా పంపే నీళ్ళలో గ్లైకాల్ కలుపుతారట. చిప్పు అంటే మన కొబ్బరి చిప్ప కాదు, కంప్యూటరు మెదడు. దాని నెత్తిన పెట్టే చల్లార్చే పలకలో వెంట్రుకలంత సన్నని కాలువలుంటవి. అందులో పొడి గడ్డకట్టి అడ్డం పడితే లక్షల రూపాయల చిప్పు మాడుతుందని, నీళ్ళకు ముందే జల్లెడలు పెట్టి మరీ వడబోస్తామని చెప్పాడు. పరిశోధన ఎంత ముందుకు పోయినా తమ దగ్గర వాడకానికి రాలేదన్నాడు.

అక్కడి వేడికీ మన వేడికీ పోలిక చెబితే మీకు ఆశ్చర్యమనిపిస్తుంది. వెయ్యి లీటర్ల పాలను 35 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు రెండు గంటలలో దించాలంటే, గంటగంటకూ 17 కిలోవాట్ల లెక్కన వేడి లాగవలసి ఉంటుంది. ఈనాటి పెద్ద చిప్పు ఒక్కటి 700 వాట్ల వేడి వదులుతుంది. అంటే మన వెయ్యి లీటర్ల పాలు ఆ రెండు గంటలూ ఇరవై అయిదు పెద్ద చిప్పులతో సమానం. కాని చిప్పు నీళ్ళు 30, 40 డిగ్రీలున్నా తట్టుకుంటుంది. పాలు తట్టుకోవు. పొదుగు నుండి వచ్చిన పాలలో సూక్ష్మజీవులను కొంతసేపు ఆపే గుణం ఉన్నది, అది రెండు మూడు గంటలకు మించదు. ఆ తరువాత వెచ్చని పాలలో అవి అరగంటకొకసారి రెట్టింపవుతుంటవి. వారికి ఆలస్యమైతే యంత్రం ఆగుతుంది, మనకు ఆలస్యమైతే కాచి చూచే పరీక్షలో పాలు విరిగి క్యాను వెనక్కు వస్తుంది.

ఆ గదిలో మాకు నచ్చినది యంత్రం కాదు, గోడకు వ్రేలాడే ఒక పుస్తకం. రేకుల కట్టలోకి వచ్చే నీటి వేడి, పోయే నీటి వేడి రెండువైపులా రోజూ వ్రాస్తున్నారు. రెండువైపుల నీళ్ళ మధ్య తేడా కొత్తలో ఎంత ఉండెను, నేడు ఎంత ఉన్నది అని చూస్తారు. తేడా పెరిగిందంటే రేకుల మీద మడ్డి చేరిందని అర్థం. వెంటనే విప్పి కడుగుతారు. మేము వెళ్ళిన రోజు కాలం గడి ఒక్కటీ ఖాళీ లేదు.

మన సంగతి చెప్పుకోవాలంటే కొంచెం సిగ్గుగా ఉన్నది. కొన్నేళ్ళ క్రిందట మేము చూచుకొనే ఒక చిల్లింగ్ సెంటరులో, పేరు వద్దు, వేసవిలో పాలు 4 డిగ్రీలకు రాక 9 దగ్గరే ఆగినవి. కంప్రెసరు చెడిందన్నాము. గ్యాసు నింపించాము. చల్లనీళ్ళ పంపు పెద్దది వేయించాము. పది రోజులు సాయంత్రపు పాలు పుల్లగా పోయి, సంఘాలకు ధర కోత పడింది. ఆ కోత ఎవరి కార్డులలో పడిందో ఈ సభలో కొందరికి తెలుసును. చివరికి ఒక పాత ఆపరేటరు, “రేకులు విప్పి చూచినారా సార్?” అని అడిగాడు. విప్పితే పాలవైపు వేలితో గీస్తే గీత పడే జిడ్డు, నీళ్ళవైపు తుప్పు మడ్డి, నాచు. ఒక పూట కడిగి బిగించాము. మరునాడు పాలు 4 డిగ్రీలకు వచ్చినవి. ముందుగా అడగవలసిన ప్రశ్న ఇంజనీర్లమైన మేము అడగలేదు.

ఎందుకంత తేడా వచ్చిందో లెక్క చూపుతాము. శుభ్రమైన రేకులో పాల నుండి నీళ్ళకు వేడి పోయే దారిలో ఉన్న అడ్డం మొత్తం నూరు పాళ్ళనుకోండి. అందులో ఉజ్జాయింపుగా పాలవైపు నిద్రపొర 46, ఉక్కు 7, నీటివైపు పొర 47. విక్రేత మాట నమ్మి, పొడి వలన నీటివైపు ఇరవై శాతం మెరుగైందనే అనుకొందాము. 47 పాళ్ళు 39కి దిగుతవి. మొత్తం మీద లాభం ఎనిమిది, తొమ్మిది శాతం. ఎందుకంటే పాలవైపు అడ్డం అట్లాగే ఉన్నది, పాలలో పొడి కలపలేము గదా. ఇక జిడ్డు సంగతి. జిడ్డు పొర వేడిని అందించే తీరు నీటిని పోలి ఉంటుంది. దళసరి కాగితమంత పొర, అంటే మిల్లీమీటరులో పదోవంతు, చేరితే చాలు, అది మూడు మిల్లీమీటర్ల ఉక్కు అడ్డం పెట్టినట్లు. నూరు పాళ్ళ అడ్డం 145 అవుతుంది. యంత్రం శక్తిలో మూడోవంతు దగ్గర దగ్గర పోతుంది. పొడికి పెట్టే డబ్బుతో వచ్చేది ఎనిమిది, సోడాతో కడగక పోగొట్టుకొనేది ముప్పై.

కడగడం అంటే నీళ్ళు తోలడం కాదు. పాలు అయిపోగానే గోరువెచ్చని నీళ్ళతో తోలాలి. మరిగే నీళ్ళు ముందే తోలితే పాలలోని మాంసకృత్తులు రేకుకు అంటుకొని కాలుతవి. ఆ తరువాత నూటికి ఒకటి, ఒకటిన్నర వంతుల కాస్టిక్ సోడా ద్రావణం 70 డిగ్రీల పైన తిప్పి, మళ్ళీ నీళ్ళు. వేడిచేసే విభాగం ఉన్నచోట పాలరాయి పడుతుంది. పాలరాయి అంటే గుడి మెట్ల చలువరాయి కాదు, పాలలోని సున్నపు పదార్థం గట్టిపడిన తెట్టు. దానికి సోడా చాలదు, నైట్రిక్ ఆమ్లం పలుచగా కలిపి తిప్పాలి. సోడాను, ఆమ్లాన్ని ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు. నడుమ తప్పక నీళ్ళు తోలాలి. నీళ్ళవైపును మనం మరచిపోతాము, అది పాలకు తగలదు గదా అని. లెక్కలో చూచినారు, దాని వాటా పాలవైపుకు తీసిపోదు.

రబ్బరు గాస్కెట్ల మాట ఒకటి ఉన్నది, ఇది డబ్బుకంటే పెద్దది. గాస్కెటు పాతబడినా, రేకుకు సూదిబెజ్జం పడినా, చల్లనీళ్ళు పాలలోకి దిగవచ్చును. ఈనాడు దిగేది నీరే గనుక లాక్టోమీటరుకు, ఎస్.ఎన్.ఎఫ్. పరీక్షకు దొరుకుతుంది. ఆ నీళ్ళలో లోహపు పొడి ఉంటే? మన టెస్టరు దగ్గర దానిని పట్టే పరీక్ష లేదు. ఆ పాలు పోయేది పసిపిల్లల సీసాలోకి. చల్లనీళ్ళలో ఏది కలిపినా, అది పాలలో పడినా హాని లేనిదై ఉండాలనేది మా పట్టుదల. ఈ ఒక్క కారణం చాలు డబ్బాను గుమ్మం దగ్గరే ఆపడానికి.

ఊళ్ళో బల్క్ కూలరు ఉన్న సంఘాలవారు, మాకు రేకులే లేవు గదా అంటారు. మీ ట్యాంకు అడుగున రెండు ఉక్కు పలకల మధ్య గ్యాసు నేరుగా తిరుగుతుంది. ఆ పలకకు గుంటలు గుంటలుగా నొక్కి ఉంటవి. బలానికీ, గ్యాసు దారి సమంగా పంచడానికీ ఆ గుంటలు. నీళ్ళే లేనిచోట నానోద్రవం పోయడానికి తావే లేదు. అటువంటి సంఘానికి కూడా డబ్బా అమ్మజూపినట్లు మాకు తెలిసింది! ఎక్కడ పోయమన్నాడో అడిగి కనుక్కోవలసి ఉన్నది. మీకు పనికివచ్చేది వేరొకటి. పాలు ట్యాంకులో పోయకముందు చిన్న రేకుల కట్టలో బోరునీళ్ళతో ఒకసారి చల్లార్చడం. బోరునీళ్ళు 27, 28 డిగ్రీలుంటే 35 డిగ్రీల పాలు 30కి వస్తవి. దించవలసిన 31 డిగ్రీలలో 5 ఉత్తనే దిగినట్లు, అంటే ఆరోవంతు భారం తగ్గినట్లు. కంప్రెసరు ఒక వంతు కరెంటుకు రెండున్నర వంతుల వేడి తీస్తుందనుకొంటే వెయ్యి లీటర్లకు 14 యూనిట్లు పడుతుంది, అందులో రెండు యూనిట్ల పైన మిగులుతుంది. గోరువెచ్చనైన ఆ నీళ్ళు గేదెలకు పెట్టవచ్చును, క్యాన్లు కడగవచ్చును. రోజుకు మూడు నాలుగు వందల లీటర్లే వచ్చే చిన్న సంఘానికి మాత్రం ఈ కట్ట ఖర్చు గిట్టదు. ఆ సంగతి దాచము.

నానోద్రవం ఎప్పటికీ పనికిరాదని మేము అనడం లేదు. పొడి అడుగున చేరకుండా ఏళ్ళ తరబడి నిలిచి, పాలలో పడినా హాని లేనిదై, ధర దిగివస్తే, నీళ్ళ కంటే బలహీనమైన గ్లైకాల్ వాడేచోట ముందుగా అక్కరకు రావచ్చును. అది తేల్చవలసినది ప్రయోగశాలలు, మన బోనసు నిధి కాదు. ఆ విక్రేతకు సమాఖ్య తరఫున జాబు వ్రాసినాము. పాలు పారని, నీళ్ళు మాత్రమే తిరిగే ఒక పరీక్షా కట్టను మేమే బిగిస్తాము. రేకులు ముందుగా కడిగి, ఒక నెల మామూలు నీళ్ళతో, ఒక నెల అతని ద్రవంతో, అదే పంపు మీద నడిపి, వచ్చే వేడి, పోయే వేడి, మీటరు యూనిట్లు మూడూ సంఘ ప్రతినిధుల ఎదుట వ్రాస్తాము. ఖర్చు అతనిదే. ఈ షరతులకు ఇంతవరకు జవాబు రాలేదు. వస్తే ఈ పత్రికలోనే అచ్చు వేస్తాము.

ఈలోగా ప్రతి చిల్లింగ్ సెంటరుకు రెండు థర్మామీటర్లు, గీతలు గీసిన ఒక పుస్తకం పంపుతున్నాము. పాలు వచ్చేచోట, పోయేచోట, నీళ్ళు వచ్చేచోట, పోయేచోట ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూచి వ్రాయాలి. పోయే పాలకూ వచ్చే చల్లనీళ్ళకూ మధ్య తేడా, కడిగిన మరునాటి తేడాకంటే రెండు డిగ్రీలు పెరిగితే రేకులు విప్పాలి. ఆపరేటరు తీరిక లేదంటే సంఘ కార్యదర్శి ఆ పుస్తకం అడిగి చూడవచ్చును, సభ్యులెవరైనా చూడవచ్చును. క్యాను వెంట వచ్చిన ఆడవాళ్ళు కూడా చూడవచ్చును, ఎవరూ కాదనరాదు. గాస్కెట్లు రెండేళ్ళు దాటినవి ఎన్ని ఉన్నవో లెక్క వ్రాసి వచ్చే నెల పదో తారీఖులోగా మాకు పంపండి. ఒక్కసారే కలిపి కొంటే ధర తగ్గుతుంది.